మోకాలికి పక్కింటి సాక్ష్యం

మా వైపు పిల్లనిచ్చే ముందు పెండ్లికొడుకు ఇంటికి వెళ్ళరు. ముందుగా అతని పక్కింటికి వెళతారు. మంచినీళ్ళు అడిగే నెపంతో గడపలో నిలబడి, ఆ ఇంటి మంచిచెడ్డలు ఆరా తీస్తారు. తమ గురించి తాము చెప్పుకునే మాటకు అక్కడ విలువ లేదు. మా అక్క పెండ్లి అలాగే కుదిరింది. మొన్నటి వేసవిలో మా అమ్మ తన కుడి మోకాలికి సంబంధం చూడడానికి బయలుదేరినప్పుడు కూడా ఆ పద్ధతినే పాటించింది. ఆమె వెంట నేనూ వెళ్ళాను.

మాది వీపనగండ్లకు దగ్గరలోని ఒక చిన్న ఊరు. అమ్మ పేరు చెన్నమ్మ. వయసులో ఉన్నప్పుడు దూరప్రాంతాలకు వలస వెళ్ళి మట్టి మోసింది. తరువాత ఊళ్ళోనే నాట్లు వేసి, కలుపు తీసి మమ్మల్ని పెంచింది. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. మహబూబ్‌నగర్‌లో ఒక కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తున్నాను. అమ్మ మోకాలి ఎక్స్‌రే చిత్రాన్ని దీపానికి ఎదురుగా పట్టి డాక్టరు వివరించిన రోజున ఆమె పక్కన కూర్చున్నది కూడా నేనే.

మోకాలిలోని మెత్తటి ఎముక పూర్తిగా అరిగిపోయిందని, కీలు మార్చడమే దారి అని, ఆలస్యం చేసేకొద్దీ కాలు వంకరపోయి నడక తగ్గిపోతుందని ఆయన చెప్పారు. కొత్త కీలు చాలామందికి ఏళ్ళ తరబడి నిలుస్తుందని, కొందరికి మాత్రం మళ్ళీ చేయవలసి రావచ్చని దాపరికం లేకుండా చెప్పారు. చివరగా, ఇక మీదట నేల మీద కూర్చోవడం మానుకోవాలన్నారు. అమ్మ అన్నీ విన్నది. ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆగిపోయింది.

"కింద కూసోకుంటె నేనేం మనిషినే? గట్టు మీద అందరు కూసొని సద్ది తింటుంటె నేనొక్కదాన్ని కుర్చేసుకొని పెద్ద ఆఫీసర్ లెక్క కూసుండాల్నా?" అని ఇంటికి వచ్చే దారి పొడవునా అన్నది.

నేను చదివినదంతా ఓపికగా వివరించాను. అమ్మ నా చెయ్యి తట్టింది.

"డాక్టర్ మంచోడే బిడ్డా. కాని ఆయన పెండ్లికొడుకు తరఫు మనిషి. కోసిన తెల్లారి అందరు మంచిగనే ఉంటరు. పదేండ్లైనంక ఎట్లున్నరో సూడాలె. వాళ్ళను గాదు, వాళ్ళ పక్కింటోళ్ళను అడగాలె."

పెండ్లిళ్ళలో, సంతలో, దవాఖాన బల్ల మీద కూర్చున్నప్పుడు విన్న మాటలను బట్టి మూడు ఇళ్ళ ఆచూకీ ఆమే సంపాదించింది. మా నాన్న మేకలను వదిలి రాలేనన్నాడు. మేము సంచులతో వాకిట్లోకి రాగానే పక్కింటి బాలమ్మ గోడ అవతల నుంచి తొంగిచూసింది. కోళ్ళ తగాదా వల్ల ఆమెకూ అమ్మకూ చాలా కాలంగా మాటలు లేవు. అయినా ఊరుకోలేక గోడతో మాట్లాడింది.

"తల్లీబిడ్డలు తీర్థం పోతుండ్రేమో!"

అమ్మ కూడా గోడకే జవాబిచ్చింది. "పోతున్నం. మేమొచ్చే దాక మా కోళ్ళను జర బతకనియ్యుమను."

గద్వాల: మగ్గం మీది తాడు

బస్సు ప్రయాణం ఎలా ఉంటుందో అమ్మతో వెళ్ళినప్పుడే నాకు తెలిసింది. ఊరి అందచందాలు ఆమెకు తరువాతి సంగతి. బస్సు మొదటి మెట్టు ఎంత ఎత్తున ఉన్నదన్నదే ముందు చూస్తుంది. రెండు చేతులతో కమ్మీలు పట్టుకొని, ఎడమ కాలు ముందు వేసి, కుడి కాలును వెనక నుంచి లాక్కుంటుంది. వెనక ఉన్నవారు విసుక్కోకముందే, "ఆగున్రి నాయనా, ఇంజన్ పాతది" అని తానే నవ్విస్తుంది.

కృష్ణ వంతెన దాటి, కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ ప్రాంతంలోకి ప్రవేశించాము. గద్వాల బస్టాండు దగ్గర ఉగ్గాని తిన్నాము. నానబెట్టిన బొరుగులను తాలింపు వేసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ పెట్టి ఇస్తారు. మా ఊళ్ళో బొరుగులు జాతరలో కొని నడుస్తూ తినేవే గాని, ప్లేటులో పెట్టుకొని కూర్చొని తినేవి కావు. అమ్మ మొదట అనుమానంగా చూసి, తరువాత నా ప్లేటులోని బజ్జీ కూడా తీసుకున్నది.

సరోజమ్మ నేతపని చేసే ఇల్లాలు. రెండు మోకాళ్ళూ మార్పించుకొని పదేళ్ళు దాటిందని విన్నాము. ఆమె ఇల్లు కనిపించగానే అమ్మ నన్ను లోపలికి పంపి, తాను పక్కింటి వైపు తిరిగింది. గడపలో నాకు ఎదురైనది సరోజమ్మ అత్తగారు. రాయచూరు వైపు నుంచి కోడలిగా వచ్చి, జీవితమంతా ఇక్కడే గడిపినా కన్నడం విడిచిపెట్టని పెద్దమ్మ. "ఊటా ఆయ్తా?" అని అడిగింది. భోజనం అయిందా అని. అయిందన్నాను. ఆ మాట ఆమెకు నచ్చలేదు. జొన్నరొట్టె, పల్లికారం తెచ్చి ముందు పెట్టింది.

ఇంటి మధ్య గుంత మగ్గం ఉంది. గుంతలోకి కాళ్ళు దించి, నేల అంచున కూర్చొని, పాదాలతో తొక్కుడుచెక్కలు ఆడిస్తూ నేయాలి. మోకాలు మార్పించుకున్న మనిషి అందులో ఎలా దిగుతుందో నాకు అర్థం కాలేదు. సరోజమ్మ నవ్వుతూ పైకి చూపించింది. దూలానికి ఒక లావుపాటి తాడు వేలాడుతున్నది. కూర్చునేచోట ఆమె భర్త చెక్కపీట వేసి ఎత్తు పెంచాడు. ఆమె ఆ పీట మీద కూర్చొని కాళ్ళు కిందికి జార్చుకుంటుంది. లేచేటప్పుడు తాడు పట్టుకొని పైకి వస్తుంది.

"డాక్టర్‌కు ఈ తాడు సంగతి చెప్పలే. చెప్తె తిడతడని" అని, నేసే చీర మీద చెయ్యి వేసింది. "ఇదిగో సూడు. నడుమ నూలు, అంచు పట్టు. రెండూ వేరే జాతులు. ఒక్కొక్క పోగు కలుపుకుంట పోత. చీర పాతగైతది, చిరుగుతది. అతుకు మాత్రం ఊడదు. నా మోకాలుల గూడ గంతే అనుకుంట."

ఇంతలో అమ్మ వచ్చింది. మంచం అంచున కూర్చొని, తనకు తెలిసినదేదీ తెలియనట్టుగా, "నొప్పి ఉన్నదా చెల్లె?" అని అడిగింది.

"మొదటి ఆర్నెల్ల సంగతి నన్నడగకు అక్కా. ఎందుకు జేయించుకున్ననా అని ఏడ్చిన. తర్వాత ఒకనాడు కుళాయి కాడికెల్లి నీళ్ళు తెస్తున్న. సగం దారిల యాదికొచ్చింది, నాకు మోకాళ్ళున్నయని. అప్పటిదాక మర్చిన! నొప్పి ఉన్నన్నాళ్ళు మోకాలును మర్చే నసీబు ఉంటదా?"

మోకాలిని మరిచిపోవడమనే మాట అమ్మకు బాగా తగిలిందని నాకు తెలిసింది. తన కుడి మోకాలి మీద చెయ్యి వేసుకున్నది.

వీధి మలుపు తిరిగాక పక్కింటి సాక్ష్యం బయటపెట్టింది. "మంచిగనే నడుస్తదంట. ముసురు పడితె లోపల సల్లగైతదంటది. కోసిన మచ్చ పక్కకు మొద్దుబారి గిల్లినా తెల్వదంట. మెట్లు దిగేటప్పుడు జర ఆగి దిగుతది. అబద్ధం ఏం లేదు." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "కాని పెండ్లిల్ల బంతిల కూసోదంట. కుర్చీ అడుగుతదంట" అన్నది.

వనపర్తి: పగవాళ్ళ మాట

గద్వాలలో దూరపు బంధువుల ఇంట తలదాచుకొని, మరునాడు వనపర్తి చేరాము. పాత సంస్థానపు ఊరు కనుక వీధులకు ఒక నిదానం ఉంటుందని నేను అనుకున్నాను. మరియమ్మ ఉండే వీధిలో మాత్రం అది కనిపించలేదు.

మరియమ్మ ఒక బడిలో వంట చేసేది. ఎడమ మోకాలు మార్పించుకొని చాలా ఏళ్ళయింది. ఈసారి అమ్మ నన్ను కూడా పక్కింటికే తీసుకువెళ్ళింది. అరుగు మీద ఒకావిడ చేటలో బియ్యం చెరుగుతున్నది. అమ్మ నీళ్ళడిగి, అరుగు అంచున ఒరిగి, మెల్లగా ఆవిడను విషయంలోకి దించింది. ఆవిడ చేట పక్కన పెట్టేసింది.

"మరియమ్మనా? ఏం నడుస్తది తల్లీ! కాలు కట్టె లెక్క బిగుసుకపోయింది. మంచం దిగదు. ఉన్న కాలు గూడ పాడు జేసుకున్నది. మీరు గీ పని అస్సలు పెట్టుకోకున్రి, నా మాటినున్రి."

అమ్మ ముఖం వాడిపోయింది. ఇంకేముంది, తిరుగు బస్సు ఎక్కవలసిందే అనుకున్నాను. అప్పుడే వీధిలోని మోరీ, అంటే మురుగుకాలువ, వైపు నుంచి ఒక గొంతు ఖంగుమన్నది.

"మళ్ళా నా వాకిట్లకే ఇడిసినవా నీ కడుగునీళ్ళు?"

బొద్దుగా ఉన్న ఒక స్త్రీ, చేతిలో బకెట్టుతో, ఎడమ కాలును కొంచెం పక్కకు విసురుతూ, మేము లేచి దారి ఇచ్చే లోపలే అరుగు దగ్గరికి వచ్చేసింది. మంచం దిగని మరియమ్మ ఆమేనని గ్రహించడానికి మాకు కొంత సమయం పట్టింది. ఆ తరువాత ఇరువురి మధ్య నడిచిన సంభాషణను ఇక్కడ రాయడం మర్యాద కాదు. మోరీ విషయంలో న్యాయం ఎవరి వైపు ఉన్నదో నేను ఇప్పటికీ చెప్పలేను. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

తగాదా ముగిశాక మరియమ్మ మమ్మల్ని తన ఇంటికి తీసుకువెళ్ళి చాయ్ పెట్టింది. మేము వచ్చిన పని విని, కోపం తెచ్చుకోకుండా, గోడ వైపు బొటనవేలు చూపింది.

"దాని నోరు పాడుగాను, కాని అది చెప్పింది అంత అబద్ధం గాదు అక్కా. కాలు సగం వంగి ఆగుతది. ఇంటికొచ్చినంక రోజూ వంచాలె, కసరత్తు చేయాలె అని చెప్పిన్రు. నొప్పికి భయపడ్డ. జల్ది పనికి పోవాలె అనుకున్న. ఇడిసిపెట్టిన. ఇప్పుడు బస్సుల ముందు సీటే కావాలె, కాలు దారిల చాపుకోవాలె. నువ్వు చేయించుకుంటె మాత్రం ఏడ్చుకుంటనన్న వంచు."

"మరి నొప్పి?" అని అమ్మ అడిగింది.

"పాత నొప్పి లేదు. నిద్ర పడతది. చర్చిల మోకాళ్ళూనుడు ఒక్కటి పోయింది. మొదట్ల సిగ్గయ్యేది. అందరు కిందికి వంగితె నేను గోడకు ఆనుకొని నిలబడేది. ఇప్పుడు అలవాటైంది. దేవునికి నా గొంతు తెలుసు, నా మోకాలుతోటి ఆయనకేం పని?"

నేను అడగవలసిన ప్రశ్నలు కొన్ని అడిగాను. కసరత్తు ఎన్నాళ్ళు చేయమన్నారు, ఇప్పుడు మొదలుపెడితే ఉపయోగం ఉందేమో ఎవరినైనా అడిగారా అని. ఇంత కాలం తరువాత కష్టమన్నారని, అయినా కొంచెం కొంచెం చేస్తున్నానని ఆమె చెప్పింది. వచ్చేటప్పుడు అమ్మ చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పి చూస్తే వేయించిన పల్లీలు. "బడి పిల్లలకు గూడ గిట్లనే ఇచ్చేది" అన్నది.

బస్టాండుకు నడుస్తూ అమ్మ ఒక సూత్రం చెప్పింది. "పగోళ్ళ మాట సగం, దోస్తుల మాట సగం. రెండు కలిపితెనే పెండ్లికొడుకు."

నాగర్‌కర్నూల్: వదులైన తలుపు

నాగర్‌కర్నూల్‌లో మాకు పని లేదు. కొల్లాపూర్ బస్సు కోసం ఆగాము, అంతే. బస్టాండు ఎదుట ఒక చిన్న హోటల్లో పూరీ తింటుండగా, గల్లాపెట్టె వెనక ఎత్తైన కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి లేచిన తీరును అమ్మ గమనించింది. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, ఒక్క ఊపున లేచాడు. సాటి మోకాళ్ళవారిని గుర్తుపట్టడంలో అమ్మ ఎన్నడూ పొరబడదు.

"ఎన్నేండ్లైంది అన్నా?" అని నేరుగా అడిగింది.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఏ మోకాలు? మొదటిదా, రెండోదా?" అన్నాడు.

ఆయన కుడి మోకాలిని రెండుసార్లు మార్చారు. మొదటిది పన్నెండు పదమూడేళ్ళు చక్కగా పనిచేసిందని, తరువాత లోపల వదులైందని చెప్పాడు. "తలుపు బందు వదులైతె ఎట్లుంటది? తలుపు మంచిదే, చౌకట్ మంచిదే. ఏసినప్పుడల్లా కిర్రుమంటది, ఊగుతది. గట్లనే అయింది. రెండోసారి కోసుడు పెద్ద పని. చానా రోజులు పరేషాన్ అయిన. ఇప్పుడు నడుస్తున్న గాని, మొదటిసారంత మంచిగ లేదు."

"మళ్ళా చేయించుకోవాల్సొస్తదని తెలిసుంటె, మొదట చేయించుకుంటుంటివా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "ఏం మాట అడుగుతివమ్మా! ఆ పన్నెండేండ్లల్ల ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు జేసిన. ఈ హోటల్ పెట్టిన. శ్రీశైలం కొండల తిరిగిన. గవన్నీ మంచంల పండుకొని చేస్తుంటినా?"

పక్కిల్లు లేదు కనుక, అమ్మ పోతూ పోతూ పక్కనున్న పాన్‌డబ్బా దగ్గర ఆగి అదే సంగతి అడిగింది. "నిజమే. రెండోసారి కోసినంక చానా రోజులు హోటల్ బందున్నది" అన్నాడు పాన్‌డబ్బా ఆయన. సాక్ష్యం సరిపోయింది. కాని బస్సులో అమ్మ ఉత్సాహం తగ్గింది. కిటికీ బయట ఎండిన చేలను చూస్తూ కూర్చున్నది.

"ఇనుముకు గూడ ముసలితనం వస్తదా బిడ్డా?"

రెండు లోహపు ముక్కల మధ్య ప్లాస్టిక్‌వంటి బిళ్ళ ఒకటి ఉంటుందని, ఏళ్ళ తరబడి నడిస్తే అది చెప్పు అరిగినట్టు అరగవచ్చునని, కొన్నిసార్లు ఎముకకూ లోహానికీ మధ్య పట్టు సడలవచ్చునని నాకు తెలిసినంతవరకు చెప్పాను.

"చెప్పులైతె ఇంకో జత కొంటం" అని మళ్ళీ కిటికీ వైపు తిరిగింది.

కొల్లాపూర్: ఈరమ్మ తెచ్చిన కుర్చీ

కొల్లాపూర్‌లో మామిడికాయల కాలం. బస్సు దిగేసరికి ఊరంతా పండిన వాసన. తోటలలో కోసిన కాయలను గంపలలో, ట్రాక్టర్లలో తెచ్చి పోస్తున్నారు. కిలో డెబ్బై అన్నాడు బండి అబ్బాయి. అమ్మ వాసన చూసి, గడ్డిలో మాగిన కాయ కాదని పక్కన పెట్టింది.

మూడవ చిరునామా తిరుపతమ్మది. అందరికంటే ముందు, ఈ శస్త్రచికిత్స గురించి మా ఊళ్ళల్లో ఎవరూ విని ఉండని రోజులలో చేయించుకున్న మనిషి ఆమేనని విన్నాము. అమ్మకు అసలు ఆశ ఈ ఇంటి మీదనే. ఎప్పటిలాగే ముందు పక్కింటి గడప తొక్కింది. అక్కడ ఈరమ్మ అనే పెద్దావిడ చింతపండు గింజలు తీస్తున్నది.

"తిరుపతమ్మ మంచిగ నడుస్తదా అవ్వా?"

ఈరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఎక్కడిదాన్ని అడుగుతున్నవు తల్లీ? తిరుపతమ్మ పోయింది. చలికాలంలనే పోయింది. నిద్రలనే."

మేము ఆ మాటకు సిద్ధపడి లేము. అంత దూరం వచ్చి, చనిపోయిన మనిషి నడక గురించి అడిగినందుకు నాకు సిగ్గు వేసింది. తిరిగి వెళ్ళిపోదామని అమ్మ చెయ్యి పట్టుకున్నాను. అమ్మ కదలలేదు.

"తెలిసినంక పలకరించకుంట పోతమా?"

తిరుపతమ్మ కొడుకు వెంకటయ్య మామిడితోటలు కౌలుకు పట్టే రైతు. అతని భార్య మమ్మల్ని చూసి, ఎవరో దూరపు చుట్టాలనుకొని, కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకున్నది. మాలో పలకరింపుకు వెళ్ళినవారు నేల మీద, దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చోవాలి. కుర్చీలో కూర్చుని ఓదార్చడం మేమెరగము. అమ్మ గోడ పట్టుకొని, పళ్ళు బిగించి, ఆ కోడలి పక్కన కూలబడింది. ఎన్నడూ చూడని తిరుపతమ్మ కోసం ఇద్దరూ కాసేపు ఏడ్చారు. ఆ ఏడుపులో నటన ఏమీ లేదు. అమ్మ మనసులో ఉన్న భయం కూడా అందులో కలిసింది.

తరువాత లేవబోయింది. లేవలేకపోయింది.

ఒక చెయ్యి నేలకు ఆనించింది. కుడి కాలు సహకరించలేదు. పక్కకు తిరిగింది, నొప్పికి కేక వేసింది. చివరికి నేనూ వెంకటయ్యా చెరొక భుజమూ పట్టి, మా వెనకే వచ్చిన ఈరమ్మ నడుము పట్టి, బస్తాను లేపినట్టు లేపాము. అమ్మ నుదుట చెమటలు పట్టాయి. ఈరమ్మ ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగింది.

"దీంట్ల కూసో తల్లీ."

"పలకరింపుకొచ్చి కుర్చీల ఎట్ల కూసుంటనమ్మా?" అమ్మ కుర్చీని పక్కకు నెట్టబోయింది.

ఈరమ్మ బలవంతంగా కూర్చోబెట్టి, తాను ఎదురుగా నేల మీద కూర్చున్నది. "ఎట్ల కూసుంటవా? తిరుపతమ్మ కూసునేటట్ల కూసో. మా ఇంటాయన పోయిననాడు ఇంటి నిండ మనుషులు. అందరు కింద. తిరుపతమ్మ మాత్రం కుర్చీ సంకల పెట్టుకొని వచ్చింది. వాకిట్ల వాళ్ళంత గుసగుస పెట్టిన్రు. నా పక్కన ఏసుకొని కూసున్నది. నేను కింద, అది మీద. దాని చెయ్యి సరిగ్గ నా నెత్తి మీదికి వచ్చింది. అట్లనే పెట్టి ఉంచింది. కర్మ అయ్యేదాక రోజూ వచ్చింది, రోజూ కుర్చీ తెచ్చుకున్నది. కింద కూసున్నోళ్ళల్ల ఎవ్వలొచ్చిన్రో, ఎవ్వలు రాలేదో ఇప్పుడు నాకు యాది లేదు."

అమ్మ కుర్చీలో కదలకుండా విన్నది. కొంతసేపటికి తాను వచ్చిన పని వెంకటయ్యతో చెప్పి, క్షమించమన్నది. వెంకటయ్య లోపలికి వెళ్ళి, గూటిలో నుంచి ఒక తెల్లగుడ్డ మూట తెచ్చి విప్పాడు.

రెండు లోహపు ముక్కలు. ఒకటి గుర్రపు నాడాలాగా వంగి ఉన్నది. ఇంకొకటి చిన్న పళ్ళెం, దాని అడుగున మేకు. మధ్యలో ఉండవలసిన బిళ్ళ చితిలో కాలిపోయింది. అస్థికలు ఏరేటప్పుడు ఇవి బూడిదలో దొరికాయట. కోడలు చింతపండుతో తోమి శుభ్రం చేసింది.

"ఎముకలు నదిల కలిపినం. ఇవి కలుపాల్నా వద్దా అని పెద్దమనుషులు కొట్లాడిన్రు. దేహంల పుట్టినయి గావని ఒకరు, దేహంతోటి కాలినయి గద అని ఒకరు. ఏం జేయాల్నో తెల్వక గూట్ల పెట్టినం" అన్నాడు వెంకటయ్య.

అమ్మ ఆ వంగిన ముక్కను చేతిలోకి తీసుకున్నది. బరువు చూసింది. నున్నగా ఉన్న వంపు మీద బొటనవేలు నడిపించింది. బియ్యంలో రాయి కోసం వెతికే చూపుతో చాలాసేపు చూసి, ఈరమ్మ వైపు తిరిగింది.

"సచ్చేదాక నడిచిందా?"

"పోయిన ముందునాడు పొద్దున మా ఇంటికి మజ్జిగకొచ్చింది" అన్నది ఈరమ్మ. "గిన్నె ఇంకా నా తాననే ఉన్నది."

అమ్మ ఆ ముక్కలను తిరిగి గుడ్డలో పెట్టి, తానే ముడి వేసింది. "ఆమె నడిచిన కాలు నాయనా ఇది. ఎముకలతోటే పోవాలె. నీళ్ళల్లనే కలుపు." సంవత్సరీకం నాడు కలుపుతానని వెంకటయ్య మాట ఇచ్చాడు. మేము బయలుదేరేటప్పుడు సంచి నిండా మామిడిపండ్లు పోశాడు. అవి గడ్డిలో మాగినవి.

తిరుగు బస్సులో అమ్మ చాలాసేపటికి అడిగింది. "బిడ్డా, ఇయ్యాల తప్ప, నేను కింద కూసోక ఎన్నాళ్ళైంది?"

ఆలోచించాను. గద్వాలలో మంచం అంచున కూర్చున్నది. వనపర్తిలో అరుగు మీద ఒరిగింది. ఇంట్లో పీట, వాకిట్లో బండరాయి. చేను గట్టు మీద సద్ది తినడానికి వెళ్ళక రెండు పంటలు దాటాయి. ఏది పోతుందని భయపడి ఇంత దూరం తిరిగామో అది మాకు తెలియకుండానే ఎప్పుడో పోయింది. ఆ మాట నేను పైకి అనలేదు. అమ్మ ఒక మామిడిపండు తీసి, మెత్తగా పిసికి, నాకిచ్చింది.

ఇంటి దగ్గర

డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చొని, "నీ ఇనుము సంగతి ఊరూరు తిరిగి అడిగొచ్చిన సారూ. మంచిదే గాని దేవుడు గాదు. కుడి కాలుకు ఒప్పుకుంటున్న. వంచే కసరత్తు మంచిగ చెప్పియ్యి" అన్నది. ఆయనకు సగమే అర్థమైంది. అయినా తారీఖు ఇచ్చారు.

ఈ నాలుగు మాటలు రాస్తున్న ఇవాళ, దవాఖానకు సంచి సర్దుతున్నాము. సాయంత్రం అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఈసారి గోడతో కాదు, బాలమ్మతోనే మాట్లాడింది.

"బాలమ్మా, కోళ్ళ సంగతి తర్వాత. రేపెప్పుడన్న, ఏండ్లకైన, ఎవ్వలన్న వచ్చి నా మోకాలు ఎట్లున్నదని నిన్నే అడుగుతరు. నేను నడుస్తె నడుస్తదని చెప్పు. కుంటుతె కుంటుతదని చెప్పు. నా మీది కోపం నా కాలు మీద తియ్యకు. మనల్ని నమ్మి దూరం నుంచి వస్తరు పాపం."

బాలమ్మ లోపలికి వెళ్ళి, తన ఇంట్లో ఉన్న ఒకే ఒక కుర్చీని ఈడ్చుకొని వచ్చి, గోడ మీదుగా మా వాకిట్లోకి దించింది.

"ముందు దీంట్ల కూసునుడు నేర్చుకో" అన్నది. "సూసే చెప్త."